నా వెనక నంబరు

జులై 3

ఫుట్‌బాల్ క్లబ్బు నుంచి ఉత్తరం. పోయినేడాది దాకా "గౌరవ సభ్యులకు" అని మొదలయ్యేది. ఈసారి "మా విలువైన కస్టమర్‌కు" అని ఉంది. ఆ విలువ ఎంతో కింద అంకెల్లో వేశారు. పోయినేడాది కట్టినదానికి రెండున్నర రెట్లు.

కారణాలు మూడు పేజీలు. స్టేడియానికి కొత్త పైకప్పు, కొత్త తెరలు, గాజు గదులు, ప్రతి సీటు చేతికీ కప్పు పెట్టుకునే గుంట. నలభై మూడేళ్ళుగా నా టీ కప్పు నేను చేత్తోనే పట్టుకున్నాను. బొటనవేలు మిగతా నాలుగింటికీ ఎదురుగా ఉన్నది అందుకేనని ముప్పై నాలుగేళ్ళు మెడికల్ కాలేజీలో అనాటమీ పాఠం చెప్పాను. ఆ సంగతి క్లబ్బు దాకా వెళ్ళినట్టు లేదు.

అభిమానుల అనుభూతిని ఉన్నత స్థాయికి తీసుకెళ్ళడానికేనట ఇదంతా. నా అనుభూతి ఉన్నచోట బాగానే ఉండేది. ఎక్కడికీ తీసుకెళ్ళమని నేను అడగలేదు.

జులై 4

ఉత్తరం మళ్ళీ చదివాను. అంకె మారలేదు.

జులై 8

అమ్మాయి ఫోన్ చేసింది. రెండు బస్టాపుల దూరంలో ఉంటుంది, అయినా ముఖ్యమైన చీవాట్లన్నీ ఫోన్లోనే. ఈ వయసులో ఆ మెట్లెక్కి ఆ వానలో కూర్చోవడానికి ఇంత డబ్బా అమ్మా, హాయిగా ఇంట్లో టీవీ పెట్టుకో అంది. కొత్త పైకప్పు వేశారు, వాన పడదన్నాను. ఇంకేం మరి, కట్టు, అంది వెటకారంగా. కడతాననే చెప్పాను.

నంబర్ల సంగతి దాని బుర్రకి ఎప్పుడూ ఎక్కలేదు. మళ్ళీ చెప్పాను. మా క్లబ్బులో సభ్యులకి చేరిన వరసలో నంబర్లు ఇస్తారు. ఏటా వేసవి చివర చచ్చిపోయినవాళ్ళనీ మానేసినవాళ్ళనీ కొట్టేసి, మిగిలినవాళ్ళని ముందుకి జరుపుతారు. నంబర్లు జరుగుతాయి గానీ సీట్లు జరగవు, మొదట ఇచ్చినవే. నాది ఇప్పుడు 388. నా వెనకే లైన్లో నిలబడి చేరినాయనది 389. నలభై మూడేళ్ళ కింద ఒక పొద్దున ఫారం నింపడానికి నేను ఇరవై నిమిషాలు తీసుకున్నానట, వెనక తన కాళ్ళు పీక్కుపోయాయట. ఇప్పటికీ అంటాడు. అందుకే మనసులో నేను ఆయన్ని వెనకాయన అనే పిలుస్తాను. మైదానంలో మాత్రం వెనక కాదు, పక్క సీటు.

కొత్త నంబర్లు వచ్చినప్పుడల్లా, మేడమ్, మీరింకా ఉన్నారన్నమాట, అని నిరాశ నటిస్తాడు. ఉన్నాను, మీరు ఆగాలి, అంటాను. ప్రపంచంలో అన్ని హాస్యాలూ పాతబడ్డాయి గానీ ఇదొక్కటీ పాతబడలేదు.

అంతా విని అమ్మాయి, నాన్న ఉన్నప్పుడైనా ఇంట్లో ఉండేదానివి కావు, అంది. మీ నాన్నకి బంతి పడేది కాదు, నాకు నా కూరల మీద ఆయన వ్యాఖ్యానం పడేది కాదు, శనివారం రెండు గంటలు ఇద్దరికీ శాంతి, అన్నాను. నిజమే. క్లబ్బులో చేరింది అందుకే. ఆయన పోయి పదకొండేళ్ళు. శనివారాలు మాత్రం అలాగే ఉండిపోయాయి.

జులై 12

మనవరాలు వచ్చి ఫోన్లో ఫారం నింపింది. కాగితం ఫారాలు ఎత్తేశారట. సిల్వరా, గోల్డా, ప్లాటినమా అమ్మమ్మా, అని అడిగింది. మనిషినే, అని రాయమన్నాను. ఆ గడి లేదంది.

జులై 19

డబ్బు కట్టాను. కింది దవడ పళ్ళు కట్టించుకోవడం వచ్చే ఏడాదికి వాయిదా. దవడ ఎలాగూ ఎక్కడికీ పోదు.

ఆగస్టు 2

కార్డు వచ్చింది. నా నంబరు 231.

ఏటా అయిదారు అంకెలు జరిగేదాన్ని, ఒక్క దెబ్బకి నూట యాభై ఏడు. ఉద్యోగంలో ఇలాంటి ప్రమోషన్ ఒక్కటి వచ్చి ఉంటే డీన్‌గా రిటైరయ్యేదాన్ని. కాసేపు నవ్వుకున్నాను. తర్వాత అర్థమైంది, ఇది నేను ముందుకి వెళ్ళడం కాదు.

క్లబ్బుకి ఫోన్ చేసి, నా వెనక 232 ఎవరని అడిగాను. వివరాలు చెప్పకూడదంది ఆ పిల్ల. పాత 389 ఉన్నాడా లేడా, అది చెప్పు చాలు, అన్నాను. కీబోర్డు టకటకలాడింది. ఆ రికార్డు ఇప్పుడు లేదండీ, అంది. చచ్చిపోయాడా మానేశాడా అంటే, రెండింటికీ ఒకటే కోడ్ అంది.

ఆయన ఫోన్ నంబరు నా దగ్గర లేదు. ఎప్పుడు అవసరమొచ్చింది గనక.

ఆగస్టు 9

మొదటి మ్యాచ్.

మా స్టాండ్ మూలన, కార్నర్ జెండాకి ఎదురుగా, మా వరస. కుట్టుమిషన్ల మెకానిక్ లేడు. పోస్టాఫీసు అక్కాచెల్లెళ్ళు లేరు. గోల్ పడితే అక్క అరిచేది, చెల్లెలు ఏమైందే అని అడిగేది, ముప్పై ఏళ్ళుగా అదే వరస. వెనకాయన లేడు. సీట్లు ఖాళీగా లేవు, అది వేరే సంగతి. ఒక్కరోజు టికెట్ల వాళ్ళతో నిండిపోయాయి. నా పక్కన ఒక జంట. మైదానానికి వీపు పెట్టి ఫొటోలు తీసుకున్నారు. ఆంటీ, ఒక్కటి తీస్తారా, అని ఫోన్ నా చేతికిచ్చారు. తీశాను. వాళ్ళ భుజాల వెనక మా మొదటి గోల్ పడింది. ఫొటో బాగా వచ్చిందని మెచ్చుకున్నారు.

ఎవరివైపు తిరిగి, చూశారా, అని అడగను? గోల్ కొట్టినవాడి చీలమండ తిరిగిన తీరు అద్భుతం. కప్పు గుంటకి చెప్పాను.

ఆగస్టు 11, సోమవారం

బస్ డిపో ఎదురుగా నా సెలూన్, అని వెనకాయన చెబుతుంటే నలభై మూడేళ్ళుగా వింటూనే ఉన్నాను. ఇవాళ వెళ్ళాను. బతికే ఉన్నాడు. చేతిలో కత్తి, ఎదుట నురగ పూసిన గడ్డం.

చిన్న షాపు. గోడ నిండా పొడుగాటి అద్దం, దాని ముందు రెండు తిరుగుడు కుర్చీలు. ఎదుటి గోడకి బెంచీ, బెంచీ పైన టీవీ. టీవీలో ఎవరో గొంతు లేకుండా వాతావరణం చెబుతున్నారు. నన్ను అద్దంలో చూసి, మేడమ్, మీకు గడ్డం ఎప్పుడొచ్చింది, అన్నాడు. నలుగురూ నవ్వారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అందుకని కోపంగా అడిగాను, సీటెందుకు వదిలేశారని.

మోకాళ్ళు మేడమ్, అన్నాడు. ఆ మెట్లు ఇక నా వల్ల కాదు, డాక్టరు వద్దన్నాడు.

పాపం, అన్నాను. మరుక్షణం స్టూలెక్కి, అటక మీంచి తువ్వాళ్ళ పెట్టె దించి, స్టూలు మీంచి దిగలేదు, దూకాడు. ముప్పై నాలుగేళ్ళు మోకాలు పాఠం చెప్పినదాన్ని. ఆ మోకాళ్ళు ఇంకో ఇరవై ఏళ్ళు మెట్లెక్కుతాయి.

మాట మార్చాను. నా నోటికి అది మామూలు విషయం కాదు.

మ్యాచ్ చూశారా టీవీలో, అంటే, ఆ చానెల్‌కి డబ్బులెవరు పోస్తారు మేడమ్, అన్నాడు. సరే, నేనే చెబుతాను వినండి, అని బెంచీ మీద కూర్చున్నాను. మొదటి నిమిషం నుంచి చెప్పాను. ఎవరి పిక్క పట్టేసింది, ఎవడు బరువు ఏ కాలి మీద వేసి మోసం చేశాడు. నురగ పూసిన పెద్దమనిషి మెడ తిప్పలేక అద్దంలోంచే విన్నాడు. వెనకాయన మధ్య మధ్యలో ఊఁ కొడుతూ, కళ్ళింత చేసుకుని విన్నాడు. గంట పట్టింది. సోమవారం గిరాకీ తక్కువ, మళ్ళీ రండి, అన్నాడు.

దారంతా ఈల వెయ్యాలనిపించింది. పళ్ళ సందులు సహకరించవు.

ఆగస్టు 25, సోమవారం

రెండో రిపోర్టు. ఈసారి వస్తూ కాగితం మీద పాయింట్లు రాసుకొచ్చాను. పాఠం చెప్పి ఇన్నేళ్ళయినా గొంతు తగ్గలేదు. వీధిలో పోయే ఒకాయన లోపలికి తొంగి చూసి, ఇక్కడ ఏమైనా గొడవా, అని అడిగాడు.

సెప్టెంబర్ 8

ఇవాళ ఒకటి జరిగింది. మైదానం అంచు వెంట ఆడే కొత్త వింగర్ గురించి చెబుతున్నాను. వెనకాయన కత్తి నూరుకుంటూ, ఎడమకాలి వాడు కదా, అన్నాడు. కాదు, కుడికాలి వాడన్నాను. ఓహో, పేపర్లో ఫొటో చూసి అలా అనుకున్నా మేడమ్, అన్నాడు, తడబడుతూ.

చిన్న విషయమే.

సెప్టెంబర్ 22

చిన్న విషయం కాదు. కెప్టెన్‌కి ఎడమ మోకాలికి పట్టీ వేశారని చెప్పాను. కుడి మోకాలు ఇంకా తగ్గలేదన్నమాట, అన్నాడు వెనకాయన తనలో తాను. మళ్ళీ పేపరే అట.

కుడి ఎడమలు తారుమారు కావడాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. మెదడులో అది ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. ఒక రక్తనాళం మూసుకుపోతే ఎవరికీ తెలియకుండా ముందు పోయేవాటిలో అదొకటి. చేతిలో కత్తి పట్టుకునే మనిషి. ఎవరో ఒకరి చెవి పోతుంది, తర్వాత ఆయన పోతాడు.

సాయంత్రం న్యూరాలజిస్టుకి ఫోన్ చేశాను. నా స్టూడెంటే. మొదటి ఏడాది రెండుసార్లు ఫెయిల్ చేశాను, అందుకని ఇప్పటికీ భయం. సెలూన్‌కి వెళ్ళి, జుట్టు కత్తిరించుకున్నట్టు కూర్చుని, ఆయన్ని ఓ కంట పరీక్షించు, నా పేరు రానివ్వకు, అన్నాను. అలాగే మేడమ్, అన్నాడు.

సెప్టెంబర్ 27

న్యూరాలజిస్టుకి బట్టతల అన్న సంగతి మర్చిపోయాను. ఆఖరిసారి చూసినప్పుడు ఉంగరాల జుట్టు.

గడ్డం చేయించుకున్నాడట. చేతులు రాయిలా ఉన్నాయి మేడమ్, నా గొంతు మీద కత్తి పెట్టి మరీ నిరూపించాడు, అన్నాడు. కుడి చెయ్యి చూపించమంటే కుడి చూపించాడట, ఎడమంటే ఎడమ. చివర్లో తువ్వాలు దులుపుతూ, మేడమ్ పంపారా, అని అడిగాడట. వీడు అవునని ఒప్పేసుకున్నాడు. మూడోసారి కూడా ఫెయిల్ చెయ్యాల్సింది.

అక్టోబర్ 6

వెళ్ళాను, రిపోర్టు చెప్పాను. డాక్టరు సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. టీ తెప్పించాడు. ఎప్పుడూ లేనిది కప్పు కడిగి, తుడిచి, రెండు చేతులా అందించాడు.

అక్టోబర్ 18

మ్యాచ్‌లో పక్క సీటువాడు మొత్తం తొంభై నిమిషాలూ ఫోన్లో ఇంకో మ్యాచ్ చూశాడు. కింది దవడ సలుపుతోంది.

నవంబర్ 1, సాయంత్రం 6

చెంప బన్నులా ఉబ్బింది. పొద్దున్నే అమ్మాయి చూసి కేకలేసి డెంటిస్టు దగ్గర టైమ్ తీసుకుంది. దొరికింది మధ్యాహ్నం మూడుకే. సరిగ్గా మ్యాచ్ మొదలయ్యే టైమ్. నలభై మూడేళ్ళలో మా మైదానంలో ఆడిన మ్యాచ్ తప్పడం ఇది నాలుగోసారి, ముందు మూడింట్లో ఒకటి కాన్పు. క్లినిక్కి తోడొస్తానంది అమ్మాయి, పన్నుకి కూడా తోడేమిటి అన్నాను. పన్ను పీకి, దూది కుక్కి, రెండు గంటలు నోరు తెరవద్దన్నాడు. మా అమ్మాయి ఈ మాట కోసం జీవితమంతా ఎదురుచూసింది, వినడానికి పక్కన లేదు పాపం.

క్లినిక్ బస్ డిపో వెనక వీధిలో. బస్సు కోసం నడుస్తుంటే సెలూన్ షట్టర్ సగం దించి ఉంది. మూసేశాడనుకున్నాను. అప్పుడు లోపలి నుంచి ఒక అరుపు. దాని వెనకే, ఏమైందే, అన్న ఇంకో గొంతు.

ఆ రెండు గొంతుల్నీ నేను ఎక్కడున్నా పోల్చగలను.

వంగి లోపలికి వెళ్ళాను. బెంచీ మీద పోస్టాఫీసు అక్కాచెల్లెళ్ళు, మెకానిక్, పై వరసలో కూర్చునే తండ్రీ కొడుకులు, ఇంకా ఇద్దరు పాతవాళ్ళు. మొత్తం ఎనిమిది మంది, వెనకాయనతో కలిపి. మా వరస మా వరసే. ఎవరూ నాకు వీపు పెట్టలేదు, ముఖమూ పెట్టలేదు. ఎదుటి అద్దంలోకి చూస్తున్నారు. టీవీ వాళ్ళ నెత్తి మీద ఉంది మరి, బెంచీ మీంచి కనబడేది అద్దంలోనే. అద్దంలో మా మైదానం. స్కోరు అంకెలు తిరగబడి ఉన్నాయి. వింగర్ ఎడమకాలితో బంతి తోసుకుంటూ పరుగెత్తుతున్నాడు.

అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. మెదడు, రక్తనాళం, అన్నీ నా పిచ్చి. పగలంతా మనుషుల్ని అద్దంలో చూసే మనిషికి అద్దంలో వైపే అసలు వైపు.

అద్దంలో నేను కూడా కనబడ్డాను. ఎనిమిది ముఖాలూ మాడిపోయాయి. కామెంటేటర్ ఒక్కడే మాట్లాడుతున్నాడు.

మెకానిక్ లేచి నిలబడ్డాడు. వెనకాయన తువ్వాలు మడత పెడుతూ, విప్పుతూ, మళ్ళీ మడత పెడుతూ చెప్పాడు. ఆగస్టు నుంచీ ఇంతే మేడమ్. చానెల్‌కి అందరం తలా కొంత. మొదటి సోమవారం మీరు అంత డబ్బు పోసి చూసొచ్చి, ఇంత దూరం నాకోసం వచ్చి చెబుతుంటే, మేం చూసేశామని ఏ నోటితో చెప్పను? ఒకసారి చెప్పకపోయాక ఇంక రెండోసారి ఎలా చెప్పను?

ఆరు సోమవారాలు. పాయింట్లు రాసుకుని మరీ. ఆయన కళ్ళింత చేసుకుని విన్నాడు.

నాకు అనాల్సిన మాటలు కనీసం పదకొండు వచ్చాయి, ఒకదాన్ని మించి ఒకటి. నోట్లో దూది. ఊఁ అన్నాను.

చెల్లెలు ఏడుపు ముఖం పెట్టింది. మేడమ్ మీకేమైందో అని చచ్చిపోతున్నాం ఇక్కడ, అంది. పదో నిమిషంలో మన మూల కార్నర్ కిక్ పడింది, కెమెరా అటు తిరిగింది, మీ సీట్లో ఎవరూ లేరు. అక్క వెంటనే ఫోన్ చెయ్యమంది, ఎవరి దగ్గరా మీ నంబరు లేదు. ఎప్పుడు అవసరమొచ్చింది గనక, అంది.

అసలు సంగతి మెల్లిగా బయటికొచ్చింది. మన మూల కార్నర్ పడితే చాలు, అందరూ బంతి వదిలేసి నన్ను వెతుకుతారట. అదిగో మేడమ్, అని ముందుగా ఎవరు పట్టుకుంటే వాళ్ళకి ఆ వారం టీ ఫ్రీ. నా తెల్ల తల చటుక్కున దొరుకుతుందట. ఒకసారి నేను ఎవరో జంటకి ఫొటో తీస్తుండగా గోల్ పడడం కూడా చూశారట. అయ్యో అయ్యో, ఫోన్ దించండి మేడమ్, దించండి, అని ఎనిమిది మందీ అద్దంకేసి అరిచారట.

నన్ను కూర్చోమన్నారు. బెంచీ మీద కాదు. వెనకాయన తిరుగుడు కుర్చీ దులిపి, దాని మీద తెల్ల గుడ్డ పరిచాడు. రెండో హాఫ్ అక్కణ్ణుంచి చూశాను. గోల్‌కీపర్ బంతి పట్టినప్పుడు మెకానిక్, ఇస్త్రీపెట్టె, అన్నాడు, అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఎందుకు ఇస్త్రీపెట్టె అయ్యాడో నాకు తెలియదు. దూది లేకపోయినా అడిగేదాన్ని కాదేమో. మూడు నెలల నవ్వు అది. విడమర్చి చెప్పించుకుంటే నవ్వు రాదు.

నవంబర్ 2

దూది తీసేశాను. ఇప్పుడు మాట్లాడొచ్చు. ఎవరితో.

నవంబర్ 17

పోయినసారి వెళ్ళలేదు. ఇవాళ కాళ్ళు వాటంతటవే వెళ్ళాయి. మీరు చూసేశారుగా, నేను చెప్పేదేముంది, అన్నాను గుమ్మంలోనే.

వెనకాయన బెంచీ తుడిచాడు. కెమెరా బంతి వెనక కుక్కపిల్లలా పరుగెడుతుంది మేడమ్, బంతి లేనివాడి కాళ్ళేం చేస్తున్నాయో అందులో కనబడదు, అది మీకే తెలుసు, అన్నాడు. పైగా నేను ఎప్పుడూ కాళ్ళు చూడలేదు. తలలే చూస్తా. ఎవడికి చెమట ముందు పడుతోంది, ఎవడు మెడ తిప్పకుండా కళ్ళు తిప్పుతున్నాడు, ఎవడు భయంతో జుట్టు సవరించుకుంటున్నాడు.

అప్పుడు తట్టింది. నేను నడుం కిందే చూశాను, ఆయన మెడ పైనే చూశాడు. పక్కపక్కన కూర్చుని ఇన్నేళ్ళూ ఇద్దరం కలిసి ఒక ఆటగాణ్ణి చూశామన్నమాట. ఆ మాటే చెప్పాను. మరి మధ్యలో పొట్ట ఎవరు చూశారు మేడమ్, అన్నాడు.

బాగా నవ్వాం. బాగా గడిచింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే తట్టింది. సోమవారం ఇద్దరం. శనివారం వాళ్ళు ఎనిమిది మంది, నేనొక్కదాన్ని.

డిసెంబర్ 13

కొత్త రోగం పట్టుకుంది. మా మూల కార్నర్ పడుతుందనగానే తల సవరించుకుంటున్నాను. వీపు నిటారుగా పెడుతున్నాను. ఇవాళ బయల్దేరే ముందు మంచి శాలువా వెతికి కప్పుకున్నాను. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత ఒద్దిగ్గా కూర్చోలేదు.

మొత్తం మ్యాచ్‌లో ఆ మూల కార్నర్లు రెండే పడ్డాయి. మూడోది ఇవ్వాల్సింది. రెఫరీకి కళ్ళు లేవు.

జనవరి 24

0-0. చలి. ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంటికొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది, వాడకపోవడంతో.

మార్చి 16

వచ్చే సీజన్ ఉత్తరం. మళ్ళీ పెంచారు. ఈసారి కారణాలు అర పేజీయే, అలవాటైపోయింది వాళ్ళకి. పెన్షన్ ఇంత సాగదు. చదువుతుంటే గుండె దడదడలాడాల్సింది. తేలికైంది. ఎందుకా అని కాసేపు ఆలోచించాను.

కట్టను. కట్టకపోతే నాకూ సీటుండదు. సీటు లేనివాళ్ళు ఎక్కడ కూర్చుంటారో నాకు తెలుసు.

మార్చి 20

వాక్యం తయారు చేసుకున్నాను. "వచ్చే ఏడాది నేనూ ఇక్కడికే వస్తాను, కాస్త జరగండి." ఇంతే. నూటయాభై మంది పిల్లల ముందు మైకు లేకుండా శవాన్ని విప్పి పాఠం చెప్పినదాన్ని, ఈ వాక్యాన్ని బాత్రూమ్ అద్దం ముందు నాలుగుసార్లు అన్నాను. నాలుగుసార్లూ "జరగండి" దగ్గర గొంతు పాడైంది. "చోటుందా" అని మార్చాను. అది ఇంకా ఘోరం.

మార్చి 23, సోమవారం, మధ్యాహ్నం 2

వాక్యం పట్టుకుని వెళ్ళాను. సోమవారం కదా, వెనకాయన ఒక్కడే ఉంటాడనుకున్నాను. ఎనిమిది మందీ ఉన్నారు. అక్కాచెల్లెళ్ళు ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి వచ్చారట. మెకానిక్ చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. ఎవరైనా పోయారేమో అనుకున్నాను.

వెనకాయన గొంతు సవరించుకున్నాడు. ఆయన ఒకప్పుడు సభ్యుల తరఫున ప్రతినిధిగా ఉన్నాడు, ఆ గొంతు తీశాడు. మేడమ్, ఫీజు పెంచారని పేపర్లో చదివాం. మన వరసలో మిగిలింది మీరొక్కరే. మీరూ లేకపోతే ఆ మూలన చూడ్డానికి మాకేముంది? ఊళ్ళో అందరూ చూసే మ్యాచే అయిపోతుంది. మీరు మా తరఫున కూర్చోవాలి. అంతా కలిసి అనుకున్నాం, కాదనకండి. అని కవరు నా చేతిలో పెట్టాడు. పెంచినదంతా అందులో ఉందట, పాతది నేను కట్టుకుంటే చాలట.

కవరు మీద ఎనిమిది సంతకాలు.

అప్పుడు అనాలి ఆ వాక్యం. నోట్లో దూది లేదు. అందరూ నాకేసే చూస్తున్నారు, నిఖార్సైన ప్రేమతో, నన్ను ఆ సీట్లోకి సాగనంపుతున్నారు. బెంచీకేసి చూశాను. నిండుగా ఉంది. ఒకవేళ నేను అడిగితే?

ఇంత డబ్బు పోసి నా ముఖం చూసేకంటే సర్కస్ టికెట్లు కొనుక్కోండి, అన్నాను.

గొల్లున నవ్వారు. అందరికంటే ఎక్కువ వెనకాయన నవ్వాడు, కళ్ళు తుడుచుకుంటూ. ఒప్పుకున్నట్టే, అన్నాడు. కవరు వాపసు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

మార్చి 24

మనవరాలితో చెప్పాను. అడగడానికేముంది అమ్మమ్మా, జరగమంటే జరగరా, అంది.

జరుగుతారు. అందరూ లేచి నిలబడి, దులిపి, గుడ్డ పరిచి మరీ జరుగుతారు. ఆ తర్వాత ఇస్త్రీపెట్టె అని ఎవరూ అనరు. నెమ్మదిగా, మేడమ్ ఉన్నారని, చక్కగా కూర్చుంటారు. నా పాఠంలో పిల్లలు కూర్చున్నట్టు. అక్కడికి నేను వెళ్ళేసరికి ఆ నవ్వేవాళ్ళు ఉండరు. నేను నా సీట్లో ఉంటే వాళ్ళు వాళ్ళలాగే ఉంటారు.

దీన్ని ఇరవై మూడేళ్ళ పిల్లకి ఎలా చెప్పడం. పరీక్షలెప్పుడే అని అడిగాను.

ఏప్రిల్ 2

కట్టాను.

ఆగస్టు 8, మధ్యాహ్నం 3.37, స్టాండ్‌లోనే రాస్తున్నాను

మా మూలన కార్నర్. కెమెరా ఇటు తిరిగిందో లేదో ఇక్కణ్ణుంచి తెలియదు. లేచి నిలబడి చెయ్యి ఊపాను, బంతి లోపలికి వచ్చేదాకా.

పక్క సీట్లో ఎవరో అమ్మాయి, ఎవరికండీ, అని అడిగింది. మా వాళ్ళకి, అన్నాను.

పాపం ఆ పిల్ల స్టాండ్లన్నీ వెతికింది.